కంప్యూటరుకి రెండు బుర్రలుంటే పని రెండింతలవుతుందా?

మీ వంటింట్లో ఒకరికి ఇద్దరున్న రోజున వంట సరిగ్గా సగం టైములో అయిపోతుందా? తొందరపడి జవాబు చెప్పకండి. పండక్కి తోడికోడలో, ఆడబిడ్డో వచ్చిన రోజు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. రెండు గంటల వంట గంటలో దిగిందా? గంటన్నర పట్టిందా? లేక కబుర్లతో కలిపి రెండున్నర గంటలైందా?

ఈ లెక్క ఇప్పుడెందుకంటే, ఈమధ్య మా ఇంట్లో 90 వేల రూపాయలు అచ్చంగా ఈ ప్రశ్న మీదే ఆగిపోయాయి. వంట గురించి కాదు లెండి, కంప్యూటరు గురించి.

మా అబ్బాయి పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. స్టూడియోల వాళ్ళు పెళ్ళంతా తీసి డిస్కుల్లో తెచ్చి పడేస్తే, మా ముందుగదిలో కూచుని వాటిని కోసి, కూర్చి, పాటలు అతికించి ఇస్తాడు. మంచి పనే, నాలుగు డబ్బులొస్తాయి. కానీ ముహూర్తాలున్న నెలల్లో వాడి మొహం చూడాలంటే జాలేస్తుంది. రాత్రి ఒంటిగంటకి మంచినీళ్ళకని లేస్తే ఇంకా ఆ తెర ముందే ఉంటాడు. “ఇంకా ఎంతసేపురా?” అంటే, “నాది అయిపోయిందమ్మా, దీనిదే అవ్వలేదు” అంటాడు కంప్యూటరుని చూపిస్తూ.

ఓ రోజు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి వెలిగిపోతున్న మొహంతో వచ్చాడు. ఏదో పెద్ద కంపెనీ వాడి వదిలేసిన వర్క్‌స్టేషన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో ఉందట. జియాన్ ప్రాసెసర్లు ఒకటి కాదు, రెండు. “డబుల్ ప్రాసెసర్ అంటే డబుల్ స్పీడమ్మా. 90 వేలకి ఇస్తానన్నాడు.”

ఆ 90 వేలూ ఎక్కడున్నాయో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. నా చీటీ డబ్బు! ఆ చీటీ నేను పాడింది డాబా కోసం. మా అత్తయ్యగారి గదిలో స్లాబు కారుతుంది. వాన పడ్డప్పుడల్లా ఆవిడ మంచం ఓసారి ఈ గోడకి, ఓసారి ఆ గోడకి జరుపుతాం. పోయిన వర్షాకాలం ఇక జరపడానికి గోడ మిగల్లేదు. ఆవిడ నోరు తెరిచి అడగరు. “నాకేమమ్మా, గొడుగేసుకు పడుకుంటాను” అని నవ్వుతారు. ఆ నవ్వే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

మావారిని అడిగితే “తల్లీ కొడుకులు మీరూ మీరూ తేల్చుకోండి” అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. సరే, తేల్చుకోవలసిందేదో నేనే తేల్చుకుందామని బయల్దేరాను. నాకు కావలసింది ఒక్కటే ముక్క: ఆ ‘డబుల్’ అన్న మాట నిజమా, కాదా?

ప్రాసెసరంటే కంప్యూటరుకి బుర్ర అనుకోండి. కూడికలు, తీసివేతలు, పోల్చి చూడడాలు అన్నీ అది చేసేవే. మామూలు కంప్యూటర్లో ఆ చిప్ప ఒకటుంటుంది. ఈ వర్క్‌స్టేషన్‌లో ఒకే బోర్డు మీద రెండు చిప్పలు కూచుంటాయి. మెమరీ, డిస్కు, కరెంటు మాత్రం ఉమ్మడి. ఉమ్మడి సంసారమన్నమాట! ఆ మాట వినగానే నాకు సగం సంగతి తెలిసిపోయింది. ఉమ్మడి కాపురం చేసినవాళ్ళకి ఈ విషయం ఇంజనీర్లు చెప్పక్కర్లేదు.

ఇద్దరున్నా సగం టైములో ఎందుకవ్వదు? కొన్ని పనులు పంచుకోవచ్చు, కొన్ని పంచుకోలేం. ఒకరు పప్పు చూస్తే ఒకరు కూర చూడొచ్చు. నూరు చపాతీలుంటే ఒకరు వత్తి, ఒకరు కాల్చవచ్చు. కానీ పులిహోర సంగతి చూడండి. ముందు అన్నం ఉడకాలి, ఆరాలి, ఆ తర్వాతే పులుసు కలపాలి. అన్నం ఉడుకుతుంటే పక్కన పదిమంది నించున్నా చెయ్యగలిగిందేం లేదు, విసనకర్రతో విసరడం తప్ప. ఆవకాయ కలిపి మూడోరోజు తిరగ కలుపుతాం. ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చి జాడీ చుట్టూ కూచున్నా అది మొదటిరోజే ఊరుతుందా?

ఈ మాటనే లెక్కలతో చెప్పినాయన జీన్ ఆమ్డాల్. ఐబీఎం కంపెనీలో సిస్టమ్/360 అనే పేరుమోసిన కంప్యూటర్ల రూపకల్పనలో ముఖ్యుడు. 1967లో అమెరికాలో జరిగిన ఓ కంప్యూటర్ల సమావేశంలో ఆయన చెప్పింది ఇదీ: పనిలో పంచలేని భాగం ఎంతుందో చూడండి, ఎన్ని ప్రాసెసర్లు పెట్టినా ఆ భాగం తగ్గదు, చివరికి అదే మిమ్మల్ని ఆపుతుంది. ఇప్పటికీ దాన్ని ఆమ్డాల్ సూత్రం అనే అంటారు.

పాల లెక్కంత సులువు ఇది. పది గంటల పని ఉంది. అందులో ఎనిమిది గంటల పని పంచుకోవచ్చు, రెండు గంటలది కుదరదు. ఇద్దరు చేస్తే ఆ ఎనిమిదీ నాలుగవుతుంది, రెండు రెండుగానే ఉంటుంది. మొత్తం ఆరు గంటలు. అయిదు కాదు సుమండీ! అంటే వేగం రెండింతలు కాలేదు, ఒకటిన్నర మీద కాస్త ఎక్కువైందంతే. నలుగురు చేస్తే నాలుగు గంటలు. వెయ్యిమందిని దింపినా ఆ రెండు గంటలూ పట్టి తీరాల్సిందే. ఇక పనిలో సగమే పంచుకునే వీలుంటే, రెండో మనిషి వచ్చినా పది గంటల పని ఏడున్నరకి దిగుతుంది. జీతం మాత్రం ఇద్దరికీ ఇవ్వాలి కదా!

ఇంకో చిక్కుంది. దీన్ని కంప్యూటరు వాళ్ళు పెద్ద పెద్ద పేర్లతో చెప్తారు గానీ, ప్రతి ఇంట్లోనూ జరిగేదే. మా తోడికోడలు వచ్చిన రోజున సాంబార్లో ఉప్పు ఎన్నిసార్లు పడుతుందో నాకు తెలుసు. నేను వేసి అటు తిరుగుతాను. తను వచ్చి చూసి, వెయ్యలేదేమోనని వేస్తుంది. ఎవరి తప్పూ లేదు, ఇద్దరం బుద్ధిగానే పనిచేశాం, సాంబారు మాత్రం కషాయం. రెండు ప్రాసెసర్లు ఒకే లెక్కని ఒకేసారి ముట్టుకుంటే సరిగ్గా ఇలాగే అవుతుంది. దాన్ని ఆపడానికి ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఒక తాళం పద్ధతి పెట్టారు. ఒకరు ఆ గిన్నె దగ్గరున్నంతసేపూ రెండోవాళ్ళు ఆగాలి. సాంబారు బాగుంటుంది, నిజమే. కానీ ఆ ఆగిన టైము ఎవరి ఖాతాలోకి పోతుంది? అందుకే తాళాలు ఎక్కువైన కొద్దీ రెండో ప్రాసెసరు గుమ్మం దగ్గర నించునే సమయం పెరుగుతుంది.

ఇక కుళాయి సంగతి. ఇద్దరు వంటవాళ్ళున్నా వంటింట్లో కుళాయి ఒకటే అయితే, బియ్యం కడిగేవాళ్ళు కూర కడిగేవాళ్ళ కోసం ఆగాలి. 1990లలో ఇంటెల్ వాళ్ళ రెండు ప్రాసెసర్ల కంప్యూటర్లలో మెమరీకి వెళ్ళే దారి ఒకటే ఉండేది, ఇద్దరూ దాని మీదే రావాలి, పోవాలి. 2003లో ఏఎండీ కంపెనీ ఆప్టెరాన్ అనే ప్రాసెసరుతో ఎవరి కుళాయి వాళ్ళకిచ్చింది. తర్వాత కొన్నేళ్ళకి ఇంటెల్ కూడా ఆ దారికే వచ్చింది. అయినా తనకి కావలసిన సరుకు రెండోవాళ్ళ అలమర్లో ఉంటే వెళ్ళి తెచ్చుకోవాలి, దానికి కాస్త ఆలస్యం తప్పదు.

అన్నిటికన్నా నాకు నవ్వొచ్చిన సంగతి ఒకటి చెప్తాను. 1999లో అబిట్ అనే కంపెనీ బీపీ6 అని ఒక బోర్డు తెచ్చింది. చవకరకం సెలెరాన్ ప్రాసెసర్లు రెండు దాని మీద పెట్టుకోవచ్చు. కంప్యూటర్ల పిచ్చి ఉన్న కుర్రాళ్ళు తెగ ముచ్చటపడి కొన్నారు. కానీ అప్పట్లో ఇళ్ళల్లో ఉండేది విండోస్ 98. దానికి రెండో ప్రాసెసరు ఉందన్న సంగతే తెలియదు! ఒక్కదానితోనే పని చేయించుకునేది. కొత్తకోడలు చీర కుచ్చెళ్ళు దోపుకుని వరండాలో కూచునుంటే, లోపల్నించి ఒక్కరూ పిలవనట్టు. రెండూ పనిచెయ్యాలంటే విండోస్ ఎన్‌టీ గానీ, 2000లో వచ్చిన విండోస్ 2000 గానీ, లైనక్స్ గానీ వేసుకోవాలి. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పుడు కూడా ఇంటి వాడకానికిచ్చిన హోమ్ రకం ఒక్క ప్రాసెసరునే చూసేది, ప్రొఫెషనల్ రకం రెంటినీ చూసేది. ఆపిల్ వాళ్ళు 2000లో రెండు ప్రాసెసర్ల పవర్ మ్యాక్ అమ్మినప్పుడూ ఇదే వరస. ఫోటోషాప్ లాంటి కొన్ని ప్రోగ్రాములే రెండోదాన్ని వాడుకున్నాయి, మిగతావాటికి అది దేవుడి పటంలా ఉండేది. ప్రోగ్రాము రాసినవాళ్ళు పని ముందే పంచి పెట్టి ఉంచితేనే రెండో బుర్రకి చేతినిండా పని.

మరి ఇప్పుడు ప్రతి ఫోన్లోనూ ‘ఆక్టా కోర్’ అని ఎనిమిది బుర్రలుంటున్నాయి కదా అంటారా? అదీ ఇదే కథకి కొనసాగింపు. పూర్వం ఒక్క ప్రాసెసరు వేగాన్నే ఏటేటా పెంచుకుంటూ పోయేవారు. వేగం పెంచిన కొద్దీ వేడి. ఇంటెల్ పెంటియమ్ 4 ప్రాసెసరు 2004లో 3.8 గిగాహెర్ట్జ్ దాకా వచ్చింది, 4 తెస్తామన్నవాళ్ళు అదే ఏడాది మానుకున్నారు. 2005 నుంచి ఒకే చిప్పలో రెండు బుర్రలు పెట్టి ఇళ్ళకి అమ్మడం మొదలుపెట్టారు. వాటినే కోర్లంటారు. అంటే రెండు ప్రాసెసర్ల గొడవ అప్పుడే మనందరి ఇళ్ళల్లోకీ వచ్చేసింది, మనకి తెలియకుండానే. ఫోన్ల విషయంలో ఓ మాట గుర్తుంచుకోండి. ఎనిమిది కోర్లున్నాయంటే ఎనిమిదీ సమానం కావు. చాలా ఫోన్లలో కొన్ని బలమైనవి, కొన్ని బ్యాటరీ పొదుపు కోసం పెట్టిన నెమ్మదివి. ఆరు కోర్ల ఫోను కన్నా ఎనిమిది కోర్లది తప్పకుండా మంచిదని షాపతను చెబితే తల ఊపకండి. మీరు వాడే పనులు దాంట్లో చేసి చూపించమనండి.

నేనూ అదే చేశాను. మా వాణ్ణి వెంటబెట్టుకుని, వాడి డిస్కొకటి సంచిలో వేసుకుని ఆ షాపుకి వెళ్ళాను. షాపతను మర్యాదస్తుడు. “డబల్ అంటే డబలే ఆంటీ, టెన్షన్ తీస్కోకండి” అన్నాడు. “టెన్షనేం లేదు బాబూ, కాస్త చేసి చూపించు” అన్నాను. కుర్చీ వేసి, టీ తెప్పించాడు. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాను. మా వాడికి సిగ్గేసి అవతలకి తిరిగాడనుకోండి!

ఒక పెళ్ళి వీడియోలో ఓ భాగాన్ని తయారుచేసి ఫైలుగా బయటికి తియ్యాలి. దాన్ని ఎక్స్‌పోర్ట్ అంటారు, మా వాణ్ణి అర్ధరాత్రి దాకా కూచోబెట్టేది అదే. మొదట టాస్క్ మేనేజర్‌లో ఏదో నొక్కి, ప్రోగ్రాముని ఒక్క ప్రాసెసరుకే కట్టేశారు. 41 నిమిషాలు పట్టింది. తర్వాత రెండింటినీ వదిలారు. డబుల్ అన్న మాట నిజమైతే ఇరవై, ఇరవై ఒక్క నిమిషాల్లో అవ్వాలి. 29 నిమిషాలైంది.

టీ గ్లాసు పక్కన పెట్టి బిల్లు పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేశాను. రెండోది వచ్చాక కలిసొచ్చింది 12 నిమిషాలు. పంచుకున్న పని సగమైనందుకే కదా ఆ 12 మిగిలాయి, అంటే పంచుకోగలిగిన పని 24 నిమిషాలది. 41లోంచి 24 పోతే 17. సుమారుగా ఆ 17 నిమిషాలూ మొండికేసిన పని. ప్రాసెసర్లు రెండు కాదు, ఇరవై పెట్టినా ఈ పని 17 నిమిషాల కిందకి దిగదు. షాపతను అట్టకేసి కాసేపు చూసి, “ఆంటీ, మీరు బ్యాంకులో చేసేవారా?” అన్నాడు. లేదు బాబూ, నెలాఖరులో ఇల్లు నడిపేదాన్ని అన్నాను.

అయితే అక్కడితో లేచి వచ్చేస్తే ఆ మెషీనుకి అన్యాయం చేసినట్టయ్యేది. మా వాడే ఇంకోటి చేసి చూద్దామన్నాడు. అంతే నిడివి ఉన్న రెండు వేరే వేరే వీడియోలు తీసుకుని, ఒకటి ఈ ప్రాసెసరుకి, ఒకటి ఆ ప్రాసెసరుకి కట్టబెట్టాడు. రెండూ 44 నిమిషాల్లో అయిపోయాయి! చూడండి, ఒక్క ప్రాసెసరు ఒకదాని తర్వాత ఒకటి చేస్తే 82 నిమిషాలు పట్టేవి. ఇక్కడ మాత్రం దాదాపు డబులే వచ్చింది. ఎందుకంటే ఎవరి పొయ్యి మీద ఎవరి గిన్నె వాళ్ళకుంది, ఒకరి ఉప్పు జోలికి ఇంకొకరు పోనక్కర్లేదు. ఆ పైన పట్టిన మూడు నిమిషాలూ ఉమ్మడి డిస్కు దగ్గరి తోపులాట అయ్యుంటుందన్నాడు మా వాడు.

కాబట్టి ‘రెండు ప్రాసెసర్లు రెండింతలు పనిచేస్తాయా’ అని అడిగితే, నేను తిరిగి ‘మీకున్నది ఒక పనా, రెండు పనులా’ అని అడుగుతాను. రోజూ బారులుతీరి వేరే వేరే పనులొచ్చే చోట్ల రెండు ప్రాసెసర్లు కాదు, వందలున్నా దండగ కాదు. వాతావరణం లెక్కలు కట్టేవాళ్ళు దేశపటాన్ని గళ్ళుగా కోసి గడికొకటి అప్పగిస్తారు. పక్క గళ్ళతో అప్పుడప్పుడూ కబుర్లు చెప్పుకుంటే చాలు. మనదేశంలో పూణేలోని సీడాక్ వాళ్ళు విజయ్ భట్కర్ ఆధ్వర్యంలో 1991లో పరమ్ 8000 సూపర్ కంప్యూటర్ని చేసింది ఇలా చాలా ప్రాసెసర్లని ఒక జట్టుగా కట్టే.

ఇంకో రకం వాళ్ళున్నారు. 1988లో జాన్ గస్టాఫ్‌సన్ అనే ఆయన అమెరికాలోని శాండియా ప్రయోగశాలలో 1,024 ప్రాసెసర్లతో దాదాపు వెయ్యింతల పని చేయించి చూపించారు. ఆమ్డాల్ లెక్క తప్పా మరి? కాదు. ప్రాసెసర్లు పెరిగినప్పుడు మనిషి అదే పనిని త్వరగా ముగించి ఊరుకోడు, పనినే పెద్దది చేసుకుంటాడు, అప్పుడు ఆ మొండి భాగం మొత్తంలో చిన్నదైపోతుంది. నిజం చెప్పొద్దూ, ఇది చదివి నేను పకపకా నవ్వాను. మా తోడికోడలు వస్తే వంట తొందరగా అవ్వదు, కూరలు పెరుగుతాయి! ఒక వేపుడు చేసేచోట బజ్జీలూ, పెరుగుపచ్చడీ కూడా ఎక్కుతాయి. మా వాడూ అంతే. “అమ్మా, ఆ మెషీనొస్తే అన్నీ ఫోర్‌కేలో చేసిస్తాను” అన్నాడు. అది మామూలు వీడియో కన్నా నాలుగురెట్లు బరువు. అంటే మళ్ళీ రాత్రి ఒంటిగంటే!

రెండో ప్రాసెసరుకి ఒక సుగుణం మాత్రం ఒప్పుకోవాలి. ఒక బుర్ర పెద్ద పనిలో మునిగి ఉన్నా, రెండోది మన మాట వింటుంది. ఎక్స్‌పోర్ట్ నడుస్తున్నా వేరే ఫైలు తెరిస్తే తెర బిగుసుకుపోదు. అమ్మ పూజలో ఉంటే పిల్లాడికి పాలిచ్చే పిన్ని ఇంట్లో ఉన్నట్టు. కానీ ఆ సుఖం కోసం రెండు చిప్పలే అక్కర్లేదు, ఇప్పటి మామూలు ప్రాసెసర్ల లోపలే కోర్లు బోలెడుంటున్నాయి.

ఆ మాటకొస్తే పక్క షాపులో అదే డబ్బుకి కొత్త మోడల్ కంప్యూటరు ఒకటి ఉంది. ఒకే ప్రాసెసరు. అదే వీడియో పెట్టి చూస్తే 22 నిమిషాలు! పాత రకం బుర్రలు రెండింటి కన్నా కొత్త రకం బుర్ర ఒక్కటి ముందుంది. దాని కోర్లు ఒక్కొక్కటీ చురుకైనవి కాబట్టి, ఎవరికీ పంచలేని ఆ మొండి పని కూడా త్వరగా తెమిలింది. కరెంటు బిల్లు సంగతీ అడిగాను, అడక్కుండా ఉంటానా? ఆ జియాన్లు పూర్తి పనిలో ఉన్నప్పుడు ఒక్కోటి 120 వాట్లు లాగే రకమట. రెండూ ఎనిమిది గంటలు నడిస్తే వాటికే రోజుకి రెండు యూనిట్లు. తెర, డిస్కులు, ఫ్యాన్లు అదనం.

ఇంటికొచ్చాక మా వాడు మూతి ముడుచుకున్నాడు. “నీకు డాబా మీదే ఉందమ్మా ధ్యాస” అన్నాడు. ఉంది మరి, లేదని ఎందుకంటాను? కానీ వాడి కష్టమూ నాకు కష్టమే. రాత్రిళ్ళు నిద్ర లేక వాడి కళ్ళ కింద నల్లగా అయితే చూసేది నేనే కదా! అందుకని “వారం రోజులు టైమివ్వరా, నీ పని నేను రాస్తాను” అన్నాను. పాల లెక్క పుస్తకంలో వెనక నుంచి పేజీలు తీశాను. వాడు కుర్చీలో కూచున్నప్పటి నుంచి ఏం చేస్తున్నాడో, ఎంతసేపు చేస్తున్నాడో రాసుకుంటూ వచ్చాను. వంటింట్లోంచి “ఇప్పుడేంటిరా?” అని అరవడం, వాడు విసుక్కుంటూ చెప్పడం. మా కోడలికి మంచి కాలక్షేపమైంది.

ఒక పెళ్ళికి మొత్తం 30 గంటలు పట్టింది. డిస్కుల్లోంచి కాపీ చెయ్యడానికి 2 గంటలు. చూసి ఏరుకోవడానికి 8. కోసి కూర్చడానికి 11. రంగులు సరిచెయ్యడానికి 3. మధ్యలో ఆడించి చూసుకుంటుంటే బొమ్మ ఆగిపోయి ఆ చక్రం గిరగిరా తిరుగుతుంటే చూస్తూ కూచున్నది 3. అన్నిసార్లూ కలిపి ఎక్స్‌పోర్ట్ 3 గంటలు. అంతే! షాపులో 29 నిమిషాలు పట్టిన పని మా ఇంటి కంప్యూటర్లో 50 నిమిషాలు పడుతుంది. అంటే 90 వేలూ పోస్తే ఆ మూడు గంటలు గంటా ముప్పావుకి దిగుతాయి. ముప్ఫై గంటల్లో మిగిలేది గంటంబావు. ఏరుకోవడం, కూర్చడం వాడి కళ్ళూ, వాడి మనసూ చేసే పని, దాన్ని ఏ ప్రాసెసరుకి పంచుతారు? ఇక పెళ్ళికూతురి తరఫువాళ్ళు ఏ పాట పెట్టాలో చెప్పడానికి 18 రోజులు తీసుకున్నారు. దాన్ని నేను పుస్తకంలో రాయలేదు, పేజీ చాల్లేదు.

పుస్తకం వాడి ముందు పెట్టాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ గిరగిరా తిరిగే చక్రం దగ్గర వేలు పెట్టి, “ఇదమ్మా నన్ను చంపేది” అన్నాడు. ఎక్స్‌పోర్ట్ పెట్టేసి లేచి పడుకోవచ్చు. ఇది మాత్రం చేతిలో పనిని తెంపేస్తుంది, చిరాకెత్తి తప్పులు పోతాయి, మళ్ళీ మొదలు. దానికి కారణం బుర్ర తక్కువై కాదట, పాత డిస్కూ, చాలని మెమరీనట. వంటామె ఎంత చురుకైనా సరుకులు తెచ్చిచ్చే మనిషి నడుం పట్టేసి ఉంటే ఏం లాభం? పాత డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించాడు, మెమరీ రెండింతలు చేయించాడు. మా డాబా డబ్బులోంచి కొంత పోయింది గానీ డాబా ఆగలేదు. ఇప్పుడా చక్రం కనపడడం బాగా తగ్గింది. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే మొదటి పిలుపుకే వస్తున్నాడు.

పెద్ద స్టూడియో ఏదైనా పెట్టి, రోజుకి నాలుగైదు పెళ్ళిళ్ళు వరసలో నించునే రోజొస్తే ఆ రెండు బుర్రల మెషీను సంగతి మళ్ళీ చూద్దామని మాట ఇచ్చాను. ఇవ్వకపోతే ఎలా, దాని మీద వాడికి మనసైతే పోలేదు. ఈలోగా ముహూర్తాల నెలల్లో రెండు వీడియోలు ఒకేసారి పైనపడితే ఒకటి వాడి కంప్యూటర్లో, ఒకటి మా కోడలి లాప్‌టాప్‌లో రాత్రి పెట్టి పడుకుంటున్నారు. షాపులో 44 నిమిషాలు నేర్పిన పాఠమే, కాకపోతే ఇక్కడ డిస్కు కూడా ఉమ్మడి కాదు.

డాబాకి వానలకి ముందే వాటర్‌ప్రూఫింగ్ చేయించాం. మొన్న మొదటి వాన రాత్రి అత్తయ్యగారు మంచం మధ్యలో వేసుకుని పడుకున్నారు. కోడలు మాత్రం లాప్‌టాప్‌కి రాత్రికింత అని అద్దె అడుగుతోంది. లెక్క ఆ పాల పుస్తకంలోనే రాస్తోందట.